దొంగలకి తీసే వేలిముద్రలు నర్సుకెందుకు అన్న చెల్లికి

ముందు ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా, ఊరూ పేరూ తీసేశా.

"అక్కా నమస్తే. మాది గుంటూరు వైపు. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఐసీయూలో చేశాను, పెళ్ళయ్యాక డల్లాస్ దగ్గరికి వచ్చాం. ఇప్పుడు ఈఏడీ (ఉద్యోగం చేసుకునే పర్మిట్) వచ్చింది, నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి చదువుతున్నా. లైసెన్సు ఇచ్చే టెక్సాస్ నర్సింగ్ బోర్డుకి అప్లై చేస్తే పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలి, ఎఫ్‌బీఐకి వెళ్తాయి అని మెయిల్ వచ్చింది. మా దగ్గరే ఉన్న అత్తయ్యగారు 'నర్సు ఉద్యోగానికి దొంగల్లాగా వేలిముద్రలేంటమ్మా' అన్నారు, ఆ మాట నాకూ గుచ్చుకుంది. మావారేమో ఆధార్‌కి ఇచ్చావు, వీసాకి ఇచ్చావు, ఇంకా దాచుకోడానికి ఏముంది అంటారు. అసలు భయం వేరే ఉంది అక్కా. మూడేళ్ళ కిందట ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, బండి కింద అరలో పెట్టిన రెండు వస్తువులు స్కాన్ చెయ్యకుండా వచ్చేశా. డోర్ దగ్గర ఆపి పోలీసుని పిలిచారు. స్టేషన్‌కి తీసుకెళ్ళలేదు, వేలిముద్రలు తీసుకోలేదు, అక్కడే కాయితం చేతిలో పెట్టారు. ఫైను కట్టి ఆన్‌లైన్ క్లాసు చేస్తే కొన్ని నెలలకి డిస్మిస్ అయిందన్నారు. మావారికి తప్ప ఎవరికీ తెలీదు. వేలిముద్రలే తీసుకోలేదు కాబట్టి ఎఫ్‌బీఐ దగ్గర ఉండదు కదా, ఫారంలో రాయకపోతే ఏమవుతుంది? రాస్తే హాస్పిటల్ వాళ్ళకీ ఇక్కడి మనవాళ్ళకీ తెలిసిపోతుందా?"

చెల్లీ, చివర్లో పెట్టావు గానీ అసలు ప్రశ్న అదే, నీకూ తెలుసు నాకూ తెలుసు, అందుకే అక్కడినుంచే మొదలెడతా. రాసెయ్యి.

నువ్వు వేసిన లెక్క చాలావరకు కరెక్టే అనుకో. ఎఫ్‌బీఐ దగ్గర ఉండేది ఊళ్ళల్లో పోలీసులు వేలిముద్రలు తీసి పంపిన కేసులే, అరెస్టు చేసి ముద్రలు తియ్యకుండా అక్కడికక్కడే కాయితం ఇచ్చి పంపించేసిన చిన్న కేసు అక్కడిదాకా వెళ్ళకపోవచ్చు, రేపు నీ రిపోర్టు ఖాళీగానే రావచ్చు. కానీ బోర్డు ఫారం నిన్ను అడిగేది ఎఫ్‌బీఐకి ఏం తెలుసు అని కాదమ్మా, నీకు ఏం జరిగింది అని. అక్కడ వదిలేసే వీలు ఇచ్చింది క్లాస్ సీ, అంటే అన్నిటికంటే చిన్న కేసుల్లో, ట్రాఫిక్ టికెట్లకే. టెక్సాస్‌లో వంద డాలర్ల లోపు దొంగతనం కేసు కూడా క్లాస్ సీయే, ఫైనుతో పోయేదే, కానీ అది ట్రాఫిక్ కాదు. చాలామంది "క్లాస్ సీ అయితే రాయక్కర్లేదట" అన్న సగం మాట విని ఇక్కడే బోల్తా పడతారు. నీ ఫారంలో ఆ ప్రశ్న ఎలా ఉందో ఒక్కో మాట పట్టుకుని చదువు, కోర్టు కాయితాలు పక్కన పెట్టుకుని మరీ చదువు.

ఇంకోటి, డిస్మిస్ అయింది కాబట్టి నేను తప్పు ఒప్పుకోనట్టే అని నువ్వు అనుకుంటూ ఉంటావు. ఫైనూ క్లాసూ పెట్టి కొన్ని నెలలు ఆగి కొట్టేసే పద్ధతిని ఇక్కడ డిఫర్డ్ డిస్పొజిషన్ అంటారు, దానికి ముందు మామూలుగా గిల్టీ (తప్పు చేశా) అనో నో కాంటెస్ట్ (వాదించను) అనో సంతకం పెట్టించుకుంటారు. ఆ రోజు కంగారులో నువ్వు దేనిమీద సంతకం పెట్టావో నీకే గుర్తుండదు. అందుకే ఈ వారమే ఆ మున్సిపల్ కోర్టు క్లర్కుకి ఫోన్ చేసి సర్టిఫైడ్ కాపీ తెప్పించుకో, కేసు ఏంటి, నువ్వు ఏం చెప్పుకున్నావు, ఎప్పుడు మూసేశారు అన్నీ దాంట్లో ఉంటాయి. ఒకటి కాదు, మూడు కాపీలు తెచ్చుకో, ఎందుకో కింద చెప్తా.

దాంతోపాటు బోర్డుకి ఒక పేజీ వివరణ రాయి, నీ సొంత మాటల్లో. పాప ఏడుపు సంగతి ఒక్క వాక్యం చాలు, కథంతా పాప మీదికి తోసెయ్యకు. ఏ రోజు, ఏం జరిగింది, కోర్టు ఏం చెప్పింది, నువ్వు ఏం పూర్తి చేశావు, అంతే. పన్నీరు చల్లకు. ఇలాంటి ఒక్క చిన్న కేసు నిజాయితీగా రాసి, కాయితాలు జతచేసి, లైసెన్సు తెచ్చుకున్న అమ్మాయిల్ని నేను చూశా, కొన్ని వారాలు ఆలస్యం అయింది అంతే. రాయకుండా వదిలేసి తర్వాత దొరికిపోయినవాళ్ళ సంగతి వేరు, అప్పుడు బోర్డు రెండు వస్తువుల గురించి మాట్లాడదు, అబద్ధం గురించి మాట్లాడుతుంది, అప్లికేషన్‌లో తప్పు చెప్పడం దానికదే ఒక నేరంగా లెక్కేస్తారు. రాత్రిపూట ఒంటరిగా నార్కోటిక్స్ అల్మరా తాళం తియ్యాల్సిన మనిషి ఫారంలోనే దాచింది అంటే వాళ్ళు ఏమనుకుంటారో నువ్వే ఆలోచించు.

సరే, ఎవరెవరికి తెలుస్తుంది అన్నావు. ఎఫ్‌బీఐ నుంచి వచ్చింది బోర్డుకే, దాన్ని ఆ లైసెన్సు పనికి తప్ప ఇంకోదానికి వాడకూడదని రూలు, నీ హాస్పిటల్‌కి ఆ కాయితం వెళ్ళదు. నర్సిస్ అనే సైట్‌లో ఎవరైనా నీ లైసెన్సు చూసుకోవచ్చు గానీ అక్కడ కనపడేది లైసెన్సు ఉందా లేదా, బోర్డు నీమీద ఏమైనా చర్య తీసుకుందా అన్నదే, మామూలుగా ఓకే చేసి ఇచ్చేస్తే అక్కడ ఏమీ ఉండదు. లోకం చూసేది వేరే దారిలో, కోర్టు రికార్డు. మన పేరు కొట్టి వెతికితే మున్సిపల్ కోర్టు కేసు బయటపడొచ్చు, ఇప్పటికీ పడొచ్చు, దానికీ నీ వేలిముద్రలకీ సంబంధమే లేదు. అంటే నువ్వు భయపడాల్సిన చోటు ఒకటి, భయపడుతున్న చోటు ఇంకోటి.

ఆ కోర్టు రికార్డు చెరిపించుకునే దారి ఉంది, ఎక్స్‌పంక్షన్ అంటారు. టెక్సాస్‌లో క్లాస్ సీ కేసు డిఫర్డ్ మీద పూర్తయితే దానికి అర్హత ఉంటుంది (పెద్ద కేసుల్లో డిఫర్డ్ అయితే ఈ వెసులుబాటు లేదు, దాన్ని మూసి ఉంచుతారు తప్ప చెరపరు). అది అయిపోయిన కేసుని బోర్డుకి రాయక్కర్లేదని బోర్డే చెప్తుంది, కాకపోతే నిజంగా చెరిగిందో లేదో చూసుకునే బాధ్యత నీదే అంటుంది. లాయరుతో మాట్లాడి ముందు అది చేయించుకుని తర్వాత అప్లై చెయ్యాలా, ఇప్పుడే రాసేసి తర్వాత చెరిపించుకోవాలా అన్నది నీ టైముని బట్టి చూసుకో. ఎన్‌క్లెక్స్‌కి ఎలాగూ ఇంకా చదువుతున్నా అన్నావు, తొందరలేకపోతే మొదటిదే మేలు అనిపిస్తుంది నాకు.

కానీ ఆగు, ఇక్కడే మనవాళ్ళు ఇంకో గోతిలో పడతారు. చెరిపించుకున్నా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర అది చెరగదు. రేపు మీ ఆయన గ్రీన్ కార్డు టర్న్ వచ్చి ఐ-485 నింపేటప్పుడు, పట్టుకున్నా, కాయితం ఇచ్చినా, కొట్టేసినా, చెరిపేసినా సరే చెప్పు అని అడుగుతుంది ఆ ఫారం. మూడు కాపీలు తెచ్చుకోమన్నది ఇందుకే, చెరిపించాక కోర్టువాళ్ళ దగ్గర కూడా కాయితం దొరకదు, అప్పుడు ఏం చూపిస్తావు? బోర్డుకి ఏదైనా రాసేముందు, చెరిపించేముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి గంట ఫీజు కట్టి చూపించుకో. దొంగతనం అన్న పేరున్న కేసుని వాళ్ళు వేరే కళ్ళతో చూస్తారు. ఈ ముక్క మాత్రం నేనుగానీ వాట్సాప్ గ్రూపులుగానీ చెప్పేది కాదు.

ఇప్పుడు మీ అత్తయ్యగారి మాట. నవ్వి వదిలెయ్యకు, ఆవిడ మాటకి మన దగ్గర పాత చరిత్ర ఉంది. తెల్లవాళ్ళ కాలంలో నేరస్థ జాతుల చట్టం అని 1871లో మొదలైంది, 1911లో దాన్ని మార్చి రిజిస్టరైన మనిషి దగ్గర వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు అన్నారు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఆ చట్టం కింద పెట్టిన ఊరే, ఎరుకలవాళ్ళని తెచ్చి అక్కడ ఉంచారు, చంటిపిల్ల కూడా పుట్టుకతోనే అనుమానితురాలు. 1952లో ఆ ముద్ర తీసేశారు గానీ గుంటూరు బాపట్ల వైపు ముసలివాళ్ళ చెవుల్లో వేలిముద్ర అనేసరికి పోలీసే వినపడతాడు. ఇంకోపక్క చదువురానివాళ్ళు ప్రోనోటు మీద వేసే నిశానీ కూడా వేలిముద్రే, అందుకే "వేలిముద్రగాడు" అంటే మనకి తిట్టు. దొంగో, చదువులేనివాడో, రెండిట్లో ఏదీ బీఎస్సీ నర్సింగ్ చేసిన కోడలికి నప్పదు కదా పాపం ఆవిడ దృష్టిలో. అయితే ఆవిడకి ఒక సంగతి చెప్పు, ఈ పద్ధతి మొదలైంది దొంగని పట్టుకోడానికి కాదు. 1858లో బెంగాల్లో హెర్షెల్ అనే దొర రోడ్డుకి సామాను సప్లై చేసే కాంట్రాక్టరు రేపు మాట తప్పుతాడేమో అని కాంట్రాక్టు కాయితం వెనక అరచెయ్యి ముద్ర వేయించుకున్నాడు. లైసెన్సు కూడా అలాంటి ఒప్పందమే.

మీ ఆయన మాటే నాకు నచ్చలా. "అన్నిచోట్లా ఇచ్చాం ఇంకోచోట ఇస్తే ఏం" అనేది వినడానికి బానే ఉంటుంది, కానీ పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలు మార్చుకోలేం. 2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల రికార్డులు ఉండే ఓపీఎం ఆఫీసు కంప్యూటర్లలోంచి 56 లక్షల మంది వేలిముద్రలు ఎత్తుకుపోయారు, అవి ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో ఆ 56 లక్షల మందికీ తెలీదు. నువ్వు ఇచ్చే ముద్రలు కూడా చూసి చింపేసేవి కావు, వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఎఫ్‌బీఐ సెంటర్ ఉంది, అక్కడి ఎన్‌జీఐ అనే సిస్టంలో ఉంచుకోవచ్చు, రేపు ఏదో నేరం జరిగిన చోట దొరికిన ముద్రతో కూడా పోల్చి చూడొచ్చు. ఇది నేను భయపెట్టడానికి అనట్లా, నీకు ఇచ్చే ప్రైవసీ స్టేట్‌మెంట్‌లోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు అంతే. టెక్సాస్‌లో అయితే రాష్ట్ర పోలీసు శాఖ డీపీఎస్ వాళ్ళ ఫ్యాక్ట్ క్లియరింగ్ హౌస్ అనే సిస్టంలో నీ ముద్ర ఉండిపోతుంది, తర్వాతెప్పుడైనా రాష్ట్రంలో అరెస్టయితే బోర్డుకి కబురు పోతుంది. అంటే ఒక్కరోజు చెకింగ్ కాదు, లైసెన్సు ఉన్నన్నాళ్ళూ ఒక కన్ను మనమీద ఉంటుంది.

మరి ఇంత తెలిసీ ఇమ్మంటావేంటి అక్కా అంటావా. నేను 2004లో న్యూజెర్సీలో దిగా, అప్పటికి ఆర్నెల్ల ముందే, 2003 డిసెంబర్లో, ఛార్లెస్ కల్లెన్ అనే నర్సుని అరెస్టు చేశారు. పదహారేళ్ళు, తొమ్మిది హాస్పిటళ్ళు ఒక నర్సింగ్ హోమ్, గుండె మందు డిగాక్సిన్, ఇన్సులిన్ లాంటివి పేషెంట్లకి ఎక్కించి చంపాడు, నలభై మంది దాకా అని తనే చెప్పాడు. మేము బ్రేక్ రూంలో లంచ్ బాక్స్ తెరిస్తే అదే కబురు, మందు తియ్యడానికి వెళ్తే పక్కన ఇంకో నర్సు ఊరికే నిలబడి చూసేది, నేను కొత్తదాన్ని, నల్లగా ఉంటా, నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కాదు, ఎలా ఉండేదో చెప్పలేను. అప్పట్లో నాకు వేలిముద్రలంటే కోపం రాలేదు, తీసుకోండి, చూసుకోండి, నేను అలాంటిదాన్ని కాదు అనిపించేది.

తర్వాత్తర్వాత అర్థమైంది ఏంటంటే, కల్లెన్‌ని వేలిముద్రలు పట్టుకునేవి కావు. అతని మీద ఉన్నదల్లా 1993 నాటి ట్రెస్‌పాస్ (వేరేవాళ్ళ ఇంట్లోకి చొరబడడం) కేసు, ఏడాది ప్రొబేషన్. అసలు జరిగింది ఏంటంటే అనుమానం వచ్చిన హాస్పిటల్ అల్లా వాణ్ణి సైలెంటుగా పంపించేసింది, పక్క హాస్పిటల్ ఫోన్ చేస్తే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు అని మాత్రం చెప్పింది. అందుకే న్యూజెర్సీ 2005లో చట్టం తెచ్చింది, నర్సు మీద సీరియస్ అనుమానం ఉంటే రాష్ట్రానికి చెప్పాలి, ఇంకో హాస్పిటల్ అడిగితే నిజం చెప్పాలి అని. చివరికి పోలీసులకి సాయం చేసి పట్టించింది కూడా తోటి నర్సే, మెషీన్ కాదు. కాబట్టి వేలిముద్రలు ఇస్తే పేషెంట్లంతా క్షేమం అని ఎవరైనా అంటే నేను నమ్మను.

అయితే పూర్తిగా పనికిరానివీ కావు. కాలిఫోర్నియాలో 1990కి ముందు లైసెన్సు తీసుకున్న నర్సుల ముద్రలు బోర్డు దగ్గర లేవు, 2008లో లాస్ ఏంజిలిస్ టైమ్స్, ప్రొపబ్లికా వాళ్ళు తవ్వితే సీరియస్ నేరాల్లో శిక్ష పడ్డవాళ్ళు కూడా లైసెన్సుతో ఉన్నారని బయటపడింది, ఆ తర్వాతే పాతవాళ్ళందర్నీ ముద్రలు ఇమ్మని పరుగులు పెట్టారు, 2009 నుంచి ఇవ్వాల్సిందే అయింది. 2018 జనవరి నుంచి కాంపాక్ట్ లైసెన్సు, అదే ఒక్క లైసెన్సుతో చాలా రాష్ట్రాల్లో పనిచేసేది, అది కావాలంటే ఎక్కడైనా ముద్రలు తప్పనిసరి. టెక్సాస్ అందులో ఉంది.

ఇంకో లాభం మన పేర్ల వల్ల. పేరు మీద చేసే చెకింగ్ ఉంటుంది చూడు, అది మనకి శని. నాతో పనిచేసిన ఒకమ్మాయి పేరు లక్ష్మి, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట లైసెన్సులో ఇంకోచోట, ఏజెన్సీ వాళ్ళు పేరు కొట్టి తీసిన రిపోర్టులో ఎవరో వేరే లక్ష్మి కేసు ఈవిడ నెత్తిన పడింది, జాయినింగ్ రెండు నెలలు ఆగిపోయింది. చివరికి నేను ఆవిణ్ణి కాదు మొర్రో అని రుజువు చేసింది వేలిముద్రలే. నిన్ను అనుమానించేదే నిన్ను కాపాడింది, ఏం చేస్తాం.

అందుకే బోర్డు అడిగితే ఇవ్వు అంటా. వెనక చట్టం ఉంది, ఎవరు చూడాలో రాసి ఉంది, రిపోర్టులో తప్పుంటే కాదనే ముందు సరిచేసుకునే అవకాశం నీకు ఇవ్వాలి. ముందే భయం తీర్చుకోవాలంటే 18 డాలర్లు కట్టి ఎఫ్‌బీఐ దగ్గర నీ రికార్డు నువ్వే తెప్పించుకో, అందరికీ ఆ హక్కుంది, ఆ రికార్డుల్లో అరెస్టు ఉండి కేసు ఏమైందో రాయనివి బోలెడు ఉంటాయి.

బోర్డు కాకుండా మిగతావాళ్ళు అడిగినప్పుడు మాత్రం ఇంత తేలిగ్గా వేళ్ళు చాపకు. స్టాఫింగ్ ఏజెన్సీవాడు బయట కంపెనీతో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలంటే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అని 1970 నాటి చట్టం ఉంది, విడిగా కాయితం మీద చెప్పి నీ సంతకం తీసుకోవాలి, దాన్నిబట్టి ఉద్యోగం ఇవ్వను అనేముందు ఆ రిపోర్టు కాపీ నీకు ఇవ్వాలి. మందుల క్యాబినెట్‌కి వేలు పెట్టి తెరవమంటారు, అదీ ముద్రే. ఇల్లినాయిలో నర్సులు దానిమీద కోర్టుకెళ్ళారు, మా ముద్రలు మా ఒప్పుదల లేకుండా ఎలా తీసుకుంటారు అని, 2023 నవంబర్లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు పేషెంటు ట్రీట్‌మెంటు పనికి వాడితే ఒప్పుదల తీసుకోవాలన్న ఆ రాష్ట్ర చట్టం వర్తించదు అనేసింది. నాకు ఆ తీర్పు రుచించలా. ఎలాగైనా, పాస్‌వర్డో బ్యాడ్జో పెట్టుకునే వీలుందా అని ఒక్కమాట అడగడంలో తప్పులేదు, మా దగ్గర అడిగినవాళ్ళకి ఇచ్చారు, అడగనివాళ్ళే వేలు పెట్టారు.

అన్నట్టు హైదరాబాద్ విషయాలేవీ ఈ ముద్రల్లో రావు, ఎఫ్‌బీఐ దగ్గర మన పోలీసుల రికార్డు ఉండదు, దానికి పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) వేరే. అది ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం.

ఇక వేళ్ళ సంగతి. నర్సుల వేళ్ళు చాలాసార్లు మెషీన్‌కి ఎక్కవు. రోజుకి యాభైసార్లు శానిటైజర్, సబ్బు, గ్లవుజులు, గీతలు అరిగిపోతాయి. నాకు మొదటిసారి రిజెక్ట్ అయింది, ఆ గాజు పలక మీద టెక్నీషియన్ నా చూపుడువేలు ఇటునుంచి అటు దొర్లించి, తుడిచి, మళ్ళీ దొర్లించి, చివరికి నా మొహంకేసి చూసి మీరు నర్సా అని అడిగాడు. మా ఊళ్ళో రేషన్ షాపులో మా పిన్ని కూడా అంతే, ఈపాస్ మెషీన్ మీద బొటనవేలు పెట్టడం, పడట్లేదమ్మా అనడం, చీరకొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టడం. నువ్వు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నా అంట్లు తోముతావు, పాప పనులు చేస్తావు, కాబట్టి అపాయింట్‌మెంట్‌కి వారం ముందునుంచి రాత్రిపూట వేళ్ళకి కొబ్బరినూనె రాసి పడుకో, అంట్లకి గ్లవుజులు వేసుకో, ఆ రోజు పొద్దున మాత్రం ఏమీ రాయకు, జారిపోతుంది. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అప్లికేషన్‌లోనూ అపాయింట్‌మెంట్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. రెండుసార్లు ముద్ర సరిగా పడక రిజెక్ట్ అయితే మూడోసారి వేళ్ళు పట్టుకుని తిరగక్కర్లేదు, పేరు మీద చెక్ చెయ్యమని బోర్డు ద్వారా అడిగించొచ్చు, ఆ రిజెక్ట్ లెటర్లు రెండూ పారెయ్యకుండా కోర్టు కాపీలున్న ఫైల్లోనే పెట్టు.